స్తంభం పక్కన నిలబడ్డావిడ ఎవరు?

ప్రశ్న: మా అత్తగారింట్లో ట్రంకు పెట్టె సర్దుతుంటే ఒక పాత ఫోటో బయటపడింది. ఏదో వరండాలో తీసింది. మావారి ముత్తాతగారు కుర్చీలో కూర్చున్నారు. పక్క కుర్చీలో ఆయన రెండో భార్య, ఆవిడ ఒళ్ళో పసివాడు. ఆ పసివాడే మా మామగారి నాన్న. వెనకాల స్తంభం పక్కన ఒకావిడ నిలబడి ఉంది. కానీ ఆవిడలోంచి వెనకున్న తలుపు చెక్కలు కనిపిస్తున్నాయి. ముఖం ఆనవాలు పట్టేలా లేదు. మా అత్తగారు చూస్తూనే, "ఇది పెద్దబామ్మే. మూసీ వరదలో పోయింది, ఇల్లు వదల్లేదు" అన్నారు. పెద్దబామ్మ అంటే ముత్తాతగారి మొదటి భార్య. ఆవిడ పేరు ఎవరికీ తెలీదు. కానీ ఏటా మాఘ బహుళ పంచమినాడు ఆవిడకని ఒక ముత్తైదువకి భోజనం పెట్టి చీర ఇస్తాం. ఫోటో అట్ట మీద ఇంగ్లీషులో సికింద్రాబాద్ అన్న మాట ఒక్కటే మిగిలింది. వెనక పెన్సిల్‌తో ఉర్దూ అంకెలున్నాయి, పక్కింటాయన చదివి 1320 అన్నారు. చివర కొక్కెంలా ఒక గీత ఉంది. హిజ్రీ 1320 అంటే 1902 అని మావారు లెక్క చెప్పారు. పదేళ్ళ మా అమ్మాయి ఆ గదిలో పడుకోనంటోంది. అత్తగారేమో ఫోటోని కృష్ణలో వదిలేద్దామంటున్నారు. ముత్తాతగారు నల్గొండ జిల్లాలో ఒక ఊరికి పట్వారీ అని విన్నాం. పాత రికార్డులు వెతికితే ఇది దయ్యమో కాదో తేలుతుందా? — ఒక పాఠకురాలు, నల్లకుంట

సమాధానం: ముందు ఆ కృష్ణ ప్రయాణం వాయిదా వేయించండి. అత్తగారితో వాదించకండి, "మహాలయ పక్షాల దాకా ఆగుదాం అత్తయ్యా" అనండి చాలు. ఎందుకు ఆ పక్షాలే అన్నానో తర్వాత చెప్తాను.

దయ్యమో కాదో రికార్డులు చెప్పవు. అవి చెప్పగలిగింది వేరే ఉంది: ఫోటో తీసిన రోజుకి ఆవిడ బతికి ఉందా, లేదా? ఇది తేలితే మిగతాది చాలావరకు దానంతటదే విడిపోతుంది. ఇంకో మాట, ఆ లెక్కకి కావలసినవి సగం మీ ఉత్తరంలోనే ఉన్నాయి. మీరు గమనించలేదంతే.

మాఘ బహుళ పంచమి సంగతి చూడండి. మూసీ వరద వచ్చింది 1908 సెప్టెంబర్ 28న. కీలక నామ సంవత్సరం, ఆశ్వయుజం మొదలు. ఎంగిలిపూల బతుకమ్మ అయిన రెండు మూడు రోజులకే ఊరు మునిగింది. మాఘం వచ్చేది జనవరి, ఫిబ్రవరి రోజుల్లో. వరదలో పోయిన మనిషికి మాఘంలో తిథి ఎలా వచ్చింది? శవం దొరక్క తిథి తెలియకపోతే చాలా ఇళ్ళలో అమావాస్యకో బహుళ ఏకాదశికో పెడతారు. పంచమి అలా ఊరికే ఎంచుకునే తిథి కాదు. ఎవరో ఆ రోజు దగ్గరుండి చూసి, గుర్తు పెట్టుకుని, కోడళ్ళకి అప్పజెప్పిన తిథిలా ఉంది అది. పేరు పోయింది గానీ తిథి పోలేదు. మన ఇళ్ళలో ఆడవాళ్ళ విషయంలో ఇలాగే జరుగుతుంది.

వరద కథ అబద్ధమని ఎవరినీ అనను. కానీ హైదరాబాద్ పాత కుటుంబాల కథలు వింటూ వస్తే ఒకటి గమనించాను. ఎప్పుడు ఎలా పోయారో తెలియని మనుషులందరినీ మూసీ వరద ఖాతాలో రాసేస్తారు. వేల మంది పోయిన వరద మరి. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు నూట యాభై మందిని కాపాడిందని ఇప్పటికీ చెప్పుకుంటాం. అందుకే వరదలో పోయిందంటే ఎవరూ మళ్ళీ ప్రశ్న వేయరు.

ఇక ఆ 1320. మీవారి లెక్క తప్పు కాదు, హిజ్రీ అయితే అది 1902 ఏప్రిల్ నుంచి 1903 మార్చి దాకా. కానీ నిజాం రాజ్యంలో కచేరీ కాగితాలు ఫసలీ సంవత్సరంతో, అంటే పంటల లెక్కతో నడిచే శిస్తు సంవత్సరంతో నడిచేవి. పట్వారీగారి చేతికి అలవాటైన లెక్క అదే. ఆ ఫసలీ అక్టోబరులో ఆజూర్ నెలతో మొదలయ్యేది. డిసెంబర్ దాకా 590, జనవరి నుంచి 591 కలపాలి. అలా చూస్తే 1320 ఫసలీ అంటే 1910 అక్టోబర్ నుంచి 1911 అక్టోబర్ దాకా. రెండు లెక్కలకీ మధ్య ఎనిమిదేళ్ళ తేడా, వరద ఆ రెండింటి మధ్యన పడుతుంది. మీరు కొక్కెం అన్న గీతలోనే జవాబు ఉండొచ్చు. ఫసలీకి చివర ఉర్దూ 'ఫే' పెడతారు, హిజ్రీకి 'హే' పెడతారు. 'ఫే' మీద చుక్క ఉంటుంది. ఉర్దూ అంకెల్లో సున్నా కూడా ఒట్టి చుక్కే, పెన్సిల్ గీత అరిగితే ఏది ఏ చుక్కో తెలీదు. ఉర్దూ మీడియంలో చదువుకున్న పెద్దవాళ్ళెవరికైనా ఫోటోనే చూపించండి. ఫోన్లో తీసిన బొమ్మ చూపిస్తే లాభం లేదు. కాగితాన్ని వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుంటే పెన్సిల్ మెరుపు కనిపిస్తుంది.

మీ ఇంట్లో వాళ్ళకి కాస్త ఇబ్బందిగా ఉండే మాట ఒకటి ఇప్పుడు చెప్పాలి.

హిజ్రీ అనుకుందాం. 1902లో రెండో భార్య ఒళ్ళో బిడ్డతో కూర్చుని ఉంది. మీ అత్తగారి మాట ప్రకారమే మొదటావిడ 1908 దాకా బతికే ఉండాలి. అంటే ఆ రోజు ఆవిడ ఆ ఇంట్లోనే ఉంది, సవతి వచ్చింది, బిడ్డ పుట్టాడు, ఫోటోకి కుర్చీలు వేశారు, ఆవిడకి కుర్చీ లేదు. ఫసలీ అనుకుంటే 1910, 11. వరద కథ నిజమైతే ఆవిడ పోయి రెండేళ్ళు దాటింది. కానీ తిథి వరదకి కుదరడం లేదు కాబట్టి, అప్పటికీ ఆవిడ బతికి ఉందేమో అన్న అనుమానం మిగులుతుంది. 1955లో హిందూ వివాహ చట్టం వచ్చేదాకా, మొదటి భార్య ఉండగానే పిల్లల కోసమని ఇంకో పెళ్ళి చేసుకోవడం మామూలు సంగతే. తర్వాతి తరానికి ఆ మాట చెప్పడం ఇష్టం లేక "పోయాక చేసుకున్నారు" అనడమూ మామూలే. ఇది నా ఊహ, నిర్ధారణ కాదు. కానీ ఏ తీగ పట్టుకు లాగాలో దీన్నిబట్టి తెలుస్తుంది.

బతికున్న మనిషి ఫోటోలో గాజులా ఎలా కనిపిస్తుందంటారా? చాలా తేలిగ్గా. ఆ రోజుల్లో గాజు పలకల మీద తీసేవాళ్ళు. వరండా నీడలో గుంపు ఫోటో అంటే లెన్సు మూత తీసి కొన్ని క్షణాలు అలా ఉంచాల్సి వచ్చేది. ఆ కాసేపూ కదలకుండా ఉన్నవాళ్ళు గట్టిగా పడతారు. మధ్యలో వచ్చినవాళ్ళు, మధ్యలో వెళ్ళిపోయినవాళ్ళు సగమే పడతారు, వాళ్ళ వెనకున్నది కూడా వాళ్ళలోంచి పడుతుంది. మా అమ్మమ్మగారింట్లో ఒక ఫోటోలో మా పెదమామయ్యకి మూడు చేతులు! ఈగని తోలుకున్నాడట.

కాబట్టి భూతద్దం పెట్టి చూడండి. పాదాలు స్పష్టంగా ఉండి ముఖం చెదిరితే ఆవిడ అక్కడే నిలబడి తల తిప్పింది. తల నుంచి పాదం దాకా ఒకే రకంగా పలచగా ఉంటే, మధ్యలో తప్పుకుంది, లేదా ఒకే పలక మీద రెండు సార్లు తీశారు. నీడ అందరికీ ఎటు పడిందో ఆవిడకీ అటే పడిందా? కుర్చీలవాళ్ళతో పోలిస్తే తల మరీ చిన్నగానో పెద్దగానో ఉందా? వెలుగు వేరే వైపు నుంచి వచ్చి, కొలత కుదరకపోతే, పోయిన మనిషిని వేరే ఫోటోలోంచి తెచ్చి కలిపారన్నమాట. మన స్టూడియోల్లో ఆ పని చాలాకాలం నడిచింది. పెళ్ళి ఫోటోలో పోయిన తండ్రిని నిలబెట్టమని అడిగేవాళ్ళు, నిలబెట్టేవాళ్ళు. దాని వెనక ప్రేమే గానీ మోసం లేదు. మోసం చేసినవాళ్ళు వేరే ఉన్నారు. అమెరికాలో విలియం మమ్లర్ అనే ఆయన 1860లలో చనిపోయినవాళ్ళ ఆత్మలను ఫోటో తీస్తానని డబ్బు చేసుకున్నాడు. 1869లో న్యూయార్క్ కోర్టుకి లాగారు, రుజువు చాలక వదిలేశారు. ఆ తర్వాత కూడా లింకన్ భార్య వెళ్ళి, వెనకాల భర్త నీడతో ఫోటో తీయించుకుంది. ముందే ఒక బొమ్మ పడిన పలకని మళ్ళీ వాడితే అలాంటివి వస్తాయి. ఒక్కోసారి పొరపాటునా జరుగుతుంది.

ఇంకో అవకాశం కూడా ఉంది. ఉన్న మనిషిని రంగుతో కప్పించి ఉండొచ్చు. ఫోటో మీద అద్దిన రంగు చెమ్మకి పొరలు పొరలుగా రాలితే, కప్పిన మనిషి వందేళ్ళకి మెల్లగా బయటికొస్తుంది. ఏటవాలు వెలుతురులో ఆ చోట మెరుపు తేడాగా ఉంటే అది బ్రష్షు పనే.

వీటన్నిటికన్నా గట్టి పరీక్ష ఒకటుంది, డబ్బు ఖర్చు లేనిది. స్టూడియోవాళ్ళు ఒక పలక నుంచి రెండు మూడు కాపీలైనా తీసి ఇచ్చేవాళ్ళు. ఒకటి మీ ట్రంకు పెట్టెలో ఉంటే ఇంకోటి ఎక్కడో ఉండాలి. ముత్తాతగారి అన్నదమ్ముల వైపు, ముఖ్యంగా ఆడపడుచుల వైపు అడగండి. పుట్టింటి ఫోటోలు దాచుకునేది ఆడపిల్లలే. ఆ కాపీలోనూ ఆవిడ అలాగే ఉంటే బొమ్మ పలకలోనే ఉంది. లేకపోతే మీ కాపీ మీద మరకో రంగో. ఆ కాపీలో గట్టిగా, స్పష్టంగా నిలబడి ఉంటే మాత్రం నాకు తప్పకుండా రాయండి, ఎందుకంటే అప్పుడు మీ కాపీలో ఎవరో ఆవిడని కప్పబోయారన్నమాట.

సికింద్రాబాద్ అన్న ముక్క చూసి పేరున్న ఫోటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ తీశాడని మురిసిపోకండి. అక్కడ స్టూడియోలు ఇంకా ఉండేవి. ఒకవేళ ఆయనదే అయినా తేదీ తేలదు. ఆయన 1905లో పోయాడు గానీ స్టూడియో పేరులో 'అండ్ సన్స్' అని ఉంది. ఆయన గురించి గుర్తు పెట్టుకోదగ్గది వేరే ఉంది. 1892లో పరదా ఆడవాళ్ళ కోసమని హైదరాబాద్‌లో విడిగా స్టూడియో పెట్టి, ఒక ఇంగ్లీషావిడకి అప్పగించాడు. అలాంటి కాలంలో పరాయి మగవాడి కెమెరా ముందు స్తంభం చాటున సగం నిలబడి, సగంలో లోపలికి వెళ్ళిపోయిన ఆడమనిషి ఉండటం వింతేమీ కాదు.

ఇప్పుడు రికార్డులు. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కి పరిగెత్తకండి, అది చివర. మీ ఇంట్లో వెతకాల్సింది రెండు.

ఒకటి ఆ పసివాడి జాతకం. మామగారి నాన్నగారిది కాబట్టి పాత పంచాంగాల కట్టలో ఉండొచ్చు. తొలి పంక్తిలో సంవత్సరం పేరు ఉంటుంది. ప్లవ అనో శుభకృత్ అనో ఉంటే 1902 లెక్క నిలబడుతుంది. సౌమ్య, సాధారణ, విరోధికృత్ వీటిలో ఏదైనా ఉంటే ఫసలీ నిలబడుతుంది. కొక్కెం చదవలేకపోయినా దీంతో తేలిపోతుంది. జాతకం లేకపోతే ఉద్యోగం సర్వీసు బుక్కు, బడి సర్టిఫికెట్ చూడండి, కానీ బడిలో వేసిన పుట్టినరోజు అయ్యవారు సుమారుగా వేసింది కావచ్చు. ఒకటి రెండేళ్ళు అటూ ఇటూ అయినా ఇక్కడ నష్టం లేదు, తేడా ఎనిమిదేళ్ళు కదా.

రెండోది తర్పణాల పుస్తకం. మహాలయ పక్షాల దాకా ఆగమన్నది దీనికే. ఆ పక్షాల్లో తర్పణం వదిలేటప్పుడు తండ్రి, తాత, ముత్తాత, తల్లి, నాయనమ్మ అని వరసగా గోత్రం, పేరు చెప్పి వదులుతారు కదా. ఆ వరసలో "సాపత్నీ మాతరం" అని ఒక చోటు ఉంటుంది. సవతి తల్లి అన్నమాట. మీ ఫోటోలోని పసివాడు పెద్దయి తర్పణాలు వదిలినప్పుడు ఆ చోట ఒక పేరు చెప్పి ఉండాలి. చాలామంది ఈ పేర్లు మరిచిపోకుండా ఒక నోటుబుక్కులో రాసి పంచాంగంలో పెట్టుకునేవాళ్ళు. మామగారిని అడగండి: "మామయ్యగారూ, తాతగారి తర్పణాల కాగితం ఏమైనా ఉందా? సాపత్నీ మాతరం అన్నచోట ఏం చెప్పేవారు?" అని. చిన్నప్పుడు పక్కన కూర్చుని విన్న మంత్రం ఎనభై ఏళ్ళ మనిషికి కూడా గుర్తొస్తుంది. మీ పాత పురోహితుడిగారి కుటుంబం దగ్గర కూడా రాసి ఉండొచ్చు. తాతగారు గయ వెళ్ళి పిండాలు పెట్టి ఉంటే అక్కడి పండాల పుస్తకంలో ఇంటిపేరు, ఊరు పేరు కింద ఇదే వరస ఎక్కి ఉండే అవకాశం ఉంది. ఎవరైనా అటు వెళ్తుంటే చెప్పి పంపండి.

ఇంటింటి వంశవృక్షాల్లో ఆడవాళ్ళుండరు. గోడ మీద పటం కట్టించుకున్నవాటిలోనూ మగపేర్లే. ఆడవాళ్ళ పేర్లు మిగిలింది నువ్వుల నీళ్ళ దగ్గరే. ఇది నాకెప్పుడూ వింతగా ఉంటుంది.

ఇవి రెండూ అయ్యాకే కచేరీ కాగితాలు. పట్వారీ పోయినప్పుడు వతన్, అంటే వంశపారంపర్యంగా వచ్చే ఆ ఉద్యోగపు హక్కు, ఎవరికి చెందాలో తేల్చడానికి విరాసత్ (వారసత్వ) ఫైలు నడిచేది, అందులో షజరా, అంటే వంశక్రమం పెట్టేవాళ్ళు. ఆడవాళ్ళని అందులో పేరుతో రాయడం అరుదు, రాస్తే "జౌజె ఫలానా" అని, ఫలానావాడి భార్య అని. అయినా ఆ ఫైలు మీకు పనికొస్తుంది. ఎలాగంటే, మీరు ఏటా ముత్తైదువకి చీర పెడుతున్నారు. అంటే మీ పెద్దబామ్మ పుణ్యస్త్రీగా పోయింది, భర్తకన్నా ముందు. ఆయన ఏ ఏడు పోయారో విరాసత్ ఫైలులో తప్పకుండా ఉంటుంది. దాంతో ఆవిడ మరణానికి ఒక గడువు దొరికినట్టే. వెళ్ళేటప్పుడు ఊరు, తాలూకా, అప్పటి జిల్లా, సుమారు ఫసలీ సంవత్సరం రాసుకుని వెళ్ళండి. కాగితాలు ఉర్దూలోనో పారసీలోనో ఉంటాయి, చదివేవాళ్ళని వెంటబెట్టుకోవాలి. పాత జిల్లా పేరు దగ్గర జాగ్రత్త, హైదరాబాద్ చుట్టుపక్కల ఊళ్ళు అప్పట్లో అత్రాఫ్-ఎ-బల్దా అనే జిల్లాలో ఉండేవి. మున్సిపాలిటీ మరణాల రిజిస్టర్ల మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. ఇంట్లో పోయిన ఆడమనిషి సంగతి ఆ రోజుల్లో ఎవరు రాయించారు గనక!

ఇంత చేశాక స్తంభం పక్కన ఉన్నది పెద్దబామ్మ కాదని కూడా తేలవచ్చు. అత్తగారు చూస్తూనే అన్నారు కాబట్టి మనమంతా ఆవిడే అనుకుంటున్నాం. ఆ ఇంట్లో అప్పుడు ఇంకెవరెవరు ఆడవాళ్ళు ఉండేవారో రాయండి. చిన్నతనంలో భర్త పోయి పుట్టిల్లు చేరిన ఆడపడుచు ఉండేదా? అలాంటివాళ్ళని శుభమైన ఫోటోల్లో ముందు కూర్చోనిచ్చేవాళ్ళు కాదు. బిడ్డని ఆడించే మనిషి ఉండేదా? పసివాడు కదలకుండా వాడి వైపు చూస్తూ వెనక నిలబడి, మూత తీశాక పక్కకి జరిగి ఉండొచ్చు. చీర కట్టు, తల మీద కొంగు ఉందా లేదా అన్నది చూస్తే కొంత తెలుస్తుంది. పరిచారిక అయితే ఏ రికార్డూ పేరు చెప్పదు, అక్కడ ఆగిపోవాల్సిందే.

అత్తగారి సంగతి. "దయ్యం లేదు" అని ఆవిడతో అనకండి, ఆ మాటతో సంభాషణ ముగిసిపోతుంది. ఇన్నేళ్ళుగా మాఘ పంచమి తప్పకుండా చేస్తున్నది ఆవిడే. ఆ తిథి ఎవరు చెప్పారు, వాళ్ళు ఆవిడ గురించి ఇంకేం అనేవారు, చీర ఏ రంగు పెట్టేవారు అని అడగండి. వరద మాట మొదట ఎవరి నోట విన్నారో అడగండి. రికార్డుల్లో దొరకనిది అక్కడ దొరుకుతుంది. సవతి విషయం బయటికొస్తే ఆవిడే మొదట చెప్పనివ్వండి, మీరు తొందరపడి అనకండి.

అమ్మాయికి ఫోటో దాచేయకండి, దాస్తే భయం పెరుగుతుంది. ఇంట్లోనే ఒక చిన్న ప్రయోగం చేసి చూపించండి. ఫోన్లో షట్టర్ వేగం తగ్గించే ఏర్పాటు ఉంటే, స్టాండు మీద పెట్టి నాలుగు సెకన్లకి పెట్టండి. సాయంత్రం వెలుతురు తక్కువగా ఉన్నప్పుడు తనని తలుపు ముందు రెండు సెకన్లు నిలబడి పక్కకి పరిగెత్తమనండి. తనలోంచి తలుపు కనిపించే ఫోటో తనకే వస్తుంది. పదేళ్ళ పిల్ల కాబట్టి ఆ సాయంత్రమంతా ఇంట్లో అందరినీ దయ్యాలు చేస్తుంది, ముందే చెప్తున్నాను.

ఫోటో జాగ్రత్త. ఫ్రేము అద్దానికి అతుక్కుని ఉంటే పీకొద్దు, పీకితే బొమ్మ ఊడి అద్దానికే ఉండిపోతుంది, అద్దంతో సహా స్కాన్ చేయించండి. 1200 డీపీఐలో ముందూ వెనకా చేయించండి. ప్లాస్టిక్ కవరులో పెట్టి బీరువాలో కుక్కవద్దు, చెమ్మ పడుతుంది. ఒక మంచి కాగితం కవరు చాలు. పేరు దొరికితే ఫోటో వెనక పెన్నుతో రాయకండి, కవరు మీద పెన్సిల్‌తో రాయండి. పక్కన తిథి కూడా.